జానెడు వాలు: భూగోళశాస్త్రపు మాటలు కొన్ని

తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలుబండిలో మేమొకనాడు ప్రయాణము చేయుచుంటిమి. ఎదుటి బల్లపై ఒక ముదుసలి రైతును, ఆయన మనుమడును కూర్చుండిరి. పిల్లవాడు ఆరవ తరగతివాడు కాబోలు, మరునాటి పరీక్షకై భూగోళ పాఠమును వల్లె వేయుచుండెను. "డెల్టా అనగా నది సముద్రములో కలియుచోట తాను తెచ్చిన ఒండ్రుమట్టిని పరచుటవలన ఏర్పడిన త్రిభుజాకారపు మైదానము. ఉదాహరణము, నైలు నది." వేమూరు దాటునప్పటికి ఈ వాక్యమును పదిసారులైనను అప్పగించి యుండును. తాత చాలసేపు విని, "ఒరే అబ్బాయీ, ఆ డెల్టా ఎక్కడుందిరా?" అని అడిగెను. "ఈజిప్టులో, తాతయ్యా" అని పిల్లవాడు తడుముకొనక చెప్పెను. కిటికీలకు ఇరువైపుల కనుచూపుమేర వరిచేలు. బండి నడచుచున్నది కృష్ణమ్మ పరచిన ఒండ్రుమీదనే.

పిల్లవాని తప్పేమియు లేదు. వాడు చదివిన నిర్వచనము సరియైనదే. నైలునది ముఖమున ఉన్న నేల తమ లిపిలోని 'డెల్టా' అను ముక్కోణపు అక్షరమును పోలియున్నదని ప్రాచీన గ్రీకులు ఆ పేరు పెట్టిరి గనుక ఉదాహరణమును సరియైనదే. లోపమెల్ల మాట ముందుగా వచ్చి, దాని వెనుక వస్తువు రాకపోవుటలో ఉన్నది. అందుచేత, శ్రోతలారా, ఈ పూట మేము తెనాలి, బాపట్ల, రేపల్లె అను మూడు ఊళ్ళను ఎదుట పెట్టుకొని, భూగోళశాస్త్రమున మొట్టమొదట వచ్చు మాటలు కొన్నింటిని మీతో ముచ్చటింపదలచితిమి. ఈ మాటలతో పని పరీక్షతో తీరిపోవునని మేమనుకొనము. కార్తికమాసమున రేడియోలో గాలివాన కబురు వచ్చునాడు వీనితో అసలు పని పడును.

ఊరెక్కడ ఉన్నదని అడిగినచో మన పెద్దలు గుర్తులతో చెప్పుదురు. లాకు దాటిన పిదప కుడిచేతి వైపున, రావిచెట్టుకు అవతల, అని. ఆ లాకును, ఆ రావిచెట్టును ఎరిగినవానికే అది సమాధానము. నడిసముద్రమున ఓడ నడుపువానికి రావిచెట్టు లేదు. వానికై ఏర్పడినవి అక్షాంశ రేఖాంశములు. భూమధ్యరేఖకు ఉత్తరముగనో దక్షిణముగనో ఎంత కోణమున ఉన్నామో చెప్పునది అక్షాంశము. గ్రీనిచ్ మీదుగ గీచిన రేఖకు తూర్పుగనో పడమరగనో ఎంత కోణమున ఉన్నామో చెప్పునది రేఖాంశము. తెనాలి సుమారు 16 డిగ్రీల 14 నిమిషముల ఉత్తర అక్షాంశమునను, 80 డిగ్రీల 38 నిమిషముల తూర్పు రేఖాంశమునను ఉన్నది. రేపల్లెకు ఆ అంకెలు 16 డిగ్రీల 1 నిమిషము, 80 డిగ్రీల 50 నిమిషములు. బాపట్లకు 15 డిగ్రీల 54 నిమిషములు, 80 డిగ్రీల 28 నిమిషములు. కాగితముమీద ఈ మూడు చుక్కలను పెట్టి కలిపినచో ఒక ముక్కోణము వచ్చును. కాకి ఎగిరిపోవు దారిన కొలిచినచో తెనాలికి, రేపల్లెకు నడుమ సుమారు 32 కిలోమీటర్లు. బాపట్ల ఆ రెంటికిని ఇంచుమించు సమదూరమున, నలుబది కిలోమీటర్లకు కొంచెము పైబడి ఉన్నది.

ఈ అంకెలలో ఒక వినోదము కూడ కలదు. మన రేడియోలో వినవచ్చు గంట భారతదేశమంతటికిని ఒక్కటే. అది 82 డిగ్రీల 30 నిమిషముల రేఖాంశమునకు లెక్కగట్టిన గంట. ఆ రేఖ మన ప్రాంతమున కాకినాడ సమీపముగ పోవును. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు నాలుగు నిమిషముల కాలము పట్టును. కావున సూర్యుడు తెనాలి నడినెత్తికి చేరుట ఆ రేఖకంటె సుమారు ఏడున్నర నిమిషములు ఆలస్యము. మన మూడు ఊళ్ళలో రేపల్లెకు ముందు మధ్యాహ్నమగును. అది తెనాలికి చేరుటకు ముప్పావు నిమిషమునకు కొంచెము పైన, బాపట్లకు చేరుటకు ఒకటిన్నర నిమిషమునకు కొంచెము లోపల పట్టును. మన గోడగడియారములకు ఇది పట్టదు. మరియు, మనము కర్కాటకరేఖకు దక్షిణమున ఉన్నవారము గనుక ఏటికి రెండు సారులు, మే నెల మొదటి వారమునను ఆగస్టు 8వ తేదీ ప్రాంతమునను, మధ్యాహ్నవేళ నిలువుకర్రకు నీడ పడదు. పెరటిలో ఒక కర్ర నాటి పిల్లలకు చూపవచ్చును. మబ్బు లేకుండవలెను, అంతియే.

ఐతే ఊరి ఉనికిని చెప్పుటకు రెండంకెలు చాలవు. మూడవది ఎత్తు. మన ప్రాంతమునకు అన్నిటికంటె ముఖ్యమైనది ఇదియే అని మా నమ్మకము. పాఠశాలలో దీనికి దొరకు తావు చాల తక్కువ.

ఎత్తును సముద్రమట్టము నుండి లెక్కింతురు. సముద్రమునకు ఒక మట్టము ఎక్కడిది, అది క్షణమునకొక తీరున ఉండునే అని మీరడుగవచ్చును. అందుకే పోటు వచ్చినప్పటి మట్టమును, ఆటు తీసినప్పటి మట్టమును ఏండ్ల తరబడి గుర్తించి, వాని సగటును తీసిరి. మన దేశమున విశాఖపట్నము, మద్రాసు, నాగపట్టణము, కొచ్చిన్ మొదలగు తొమ్మిది రేవులలో గుర్తించిన లెక్కలనుండి తీసిన మట్టమును 1909లో దేశమునకంతటికిని ఆధారముగ స్థిరపరచిరి. రైలుస్టేషనులో ఊరిపేరు గల పసుపుపచ్చని బల్లపై అడుగున చిన్న అక్షరములతో వ్రాసియుండు మీటర్ల అంకె ఇదియే. తెనాలి ఎత్తు సుమారు 11 మీటర్లు. రేపల్లె ఎత్తు సుమారు 7 మీటర్లు. బాపట్లయు పది మీటర్లకు లోపే.

ఇక భూపటములో ఎత్తును చూపు విధము చెప్పెదము. సముద్రమట్టమునకు సమానమైన ఎత్తున ఉన్న స్థలములనెల్ల కలుపుచు గీచిన గీతను సమోన్నత రేఖ అందురు. కొండమీద ఈ గీతలు వ్రేలిముద్రలోని గీతలవలె దగ్గరదగ్గరగ ఉండును. వాలు తగ్గినకొలది దూరదూరముగ జరుగును. ఇరువది మీటర్లకొక గీత చొప్పున గీచిన పటమును తీసుకొని తెనాలి మొదలు నిజాంపట్నము వరకు వ్రేలితో రాయుచు పొండు. ఒక్క గీతయు తగులదు. కాలువలు, రోడ్లు, చెరువులు, ఊళ్ళ పేర్లు ఉండును గాని ఎత్తుపల్లముల విషయమున ఆ పటము మౌనము వహించును. కొండలు గల దేశమునకై పుట్టిన పద్ధతి అది. మన నేలను చూపవలెనన్నచో మీటరునకొకటి, అర మీటరునకొకటి గీత కావలెను.

పటము చెప్పని దానిని మన భాష చెప్పుచున్నది. మెరక, పల్లము, దిబ్బ, లంక, పర్ర, చవుడు, మొగ — ఇవన్నియు మూరెడు, జానెడు ఎత్తుల తేడాను కనిపెట్టి పెట్టిన పేర్లు. ఊళ్ళ పేర్లు చూడుడు. రేపల్లె దిక్కున లంకెవానిదిబ్బ కలదు, ఇసుకపల్లి కలదు. నిజాంపట్నము ప్రక్కన అడవులదీవి కలదు. కొల్లూరు దిక్కున పెసర్లంక, చింతర్లంక కలవు. దీవి అనగా నలుదెసల నీరు గల నేల అని పిల్లలు చదువుదురు. అడవులదీవికి నేడు బస్సులో పోవచ్చును. ఆ పేరు పెట్టినవారికి మాత్రము చుట్టును నీరు కనబడియే యుండును.

మా లెక్క ఒకటి వినుడు. తెనాలి నుండి నేరుగ దక్షిణమునకు, నిజాంపట్నము వైపు సముద్రమునకు ఇంచుమించు 40 కిలోమీటర్లు. ఎత్తు 11 మీటర్లు. భాగించినచో కిలోమీటరునకు 28 సెంటీమీటర్ల వాలు వచ్చుచున్నది. జానెడుకంటె నాలుగు వ్రేళ్ళు ఎక్కువ. ఒక కిలోమీటరు నడచినవాడు దిగునది జానెడు! ఈ జానెడు వాలుమీదనే మన వరిపంటయు, మన కాలువలును, మన ముప్పును ఆధారపడి యున్నవి.

కాలువల సంగతి మొదట. బెజవాడవద్ద కృష్ణకు అడ్డముగ 1855లో ఆనకట్ట పూర్తియైనది. అది 1952లో తెగుటచేత దానికి బదులు ప్రకాశం బరాజును కట్టిరి. 1957లో అది వాడుకలోనికి వచ్చెను. అక్కడ నీటిని నిలుపు మట్టము సముద్రమునకు 57 అడుగుల ఎత్తు, అనగా సుమారు 17 మీటర్లు. ఆ కొద్ది ఎత్తునుండియే నీరు తనంతట తాను సముద్రతీరపు పొలముల వరకు నడచిపోవలెను. కావున సాగునీటి కాలువను మెరకమీద నడపుదురు, అప్పుడే ఇరువైపుల పొలములకు నీరు దిగును. పొలమునుండి దిగిన నీటిని, వాన నీటిని తీసికొనిపోవు మురుగుకాలువను పల్లమున నడపుదురు. ఒకటి చేతివ్రేలివలెను, ఒకటి వ్రేళ్ళ సందువలెను పోవుచుండును. తెనాలి ఊరినడుమ పారు మూడు కాలువలను చూచి మురియువారు చాలమంది. ఊరి వెనుక పల్లములోని మురుగుకాలువను తలచువారు అరుదు. పంటను బ్రదికించునది మొదటిదైనచో, ఊరిని బ్రదికించునది రెండవది. ఎగువ మెట్టల వాననీటిని తెచ్చు నల్లమడ వాగు పొంగినప్పుడు బాపట్ల దిక్కు రైతులకు ఇది ఒకరు చెప్పనక్కరలేదు.

నదిని గూర్చిన మాటలలో పిల్లలు తరచుగ తారుమారు చేయునవి రెండు: ఉపనది, పాయ. నదిలో వచ్చి కలియునది ఉపనది. నదినుండి చీలి పోవునది పాయ. మహాబలేశ్వరమువద్ద పుట్టిన కృష్ణకు భీమ, తుంగభద్ర ఉపనదులు. పులిగడ్డకు దిగువన సముద్రమును చేరుటకు చీలినవి పాయలు. ఏ నేలమీద కురిసిన వాన ఆ నదికి చేరునో ఆ నేల అంతయు ఆ నది పరీవాహక ప్రాంతము. కృష్ణకు అది సుమారు 2,59,000 చదరపు కిలోమీటర్లు. దీని అర్థమేమనగా, రేపల్లెలో ఎండ కాయుచున్న దినమున కూడ రేపల్లెకు వరద రావచ్చును. పడమటి కనుమలమీదనో, హైదరాబాదు దిక్కుననో కురిసిన వాన ఇక్కడ వచ్చి కరకట్టను ఒరయును.

2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశం బరాజు గుండ 11,43,000 క్యూసెక్కుల వరద పోయినది. ఆ బరాజు కట్టిన పిదప అంతటి వరదను చూడలేదు. క్యూసెక్కు అనగా సెకనునకు ఒక ఘనపుటడుగు నీరు, అనగా ఇరువదెనిమిది లీటర్లు, రెండు పెద్ద బిందెలు. ఆ లెక్కన కన్ను మూసి తెరచునంతలో మూడు కోట్ల ఇరువది లక్షల లీటర్లు. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలములలోని లంకలు మునిగినవి. లంక అనునది కరకట్టకు లోపల, నది తనదని తలచు చోటున ఉన్న నేల. అది సారవంతమగుట కూడ అందుచేతనే: వరద తెచ్చి పరచిన క్రొత్త ఒండ్రు అక్కడ నిలుచును. అక్కడి అరటితోటలును, పసుపు చేలును నది ఇచ్చినవే. తిరిగి తీసికొనిపోవునదియు నదియే. అక్కడివారిని అమాయకులని అనుకొనుట మా దృష్టిలో తప్పు. వారు ఆ నేల గుణము తెలిసియే దున్నుచున్నారు. వారికి కావలసినది నీరెంత ఎత్తునకు, ఎన్ని గంటలలో వచ్చునో ముందు తెలుపు కబురు.

బాపట్ల నేల వేరు. రేపల్లె దిక్కున నల్లని బంకమట్టి కాలికి అంటుకొనగా, బాపట్లలో ఇసుక కాలి క్రింద జారును. రెండును డెల్టాయే. నది తెచ్చినదానిలో సన్నని ఒండ్రు పల్లములలో నిలువగా, ఇసుకను అలలు మరల ఒడ్డునకు నెట్టి, గాలి దానిని దిబ్బలుగ పోసెను. అట్టి దిబ్బల వరుసలు నేటి తీరమునకు సమాంతరముగ లోతట్టున కూడ కనబడును. అవి ఒకప్పటి సముద్రతీరములు. అలలు నేడు సూర్యలంకవద్ద ఉన్నవి. వేల ఏండ్లనాడు ఇంకను లోపల నుండెను. తీరరేఖ అనునది పటములో గట్టిగ గీచిన గీతయే గాని నేలమీద అది కదలుచుండును. అది ఎప్పుడును సముద్రము వైపునకే కదలునని తలచుటయు పొరపాటు. ఎగువన జలాశయములు ఒండ్రును పట్టి ఉంచుటచేత నది ముఖమున కొన్నిచోట్ల సముద్రమే నేలను కోయుచున్నది. డెల్టాలో మానవుని నివాసము ప్రాతదే: భట్టిప్రోలు బౌద్ధస్తూపమున 1892లో దొరికిన బ్రాహ్మీలిపి శాసనములు రెండువేల ఏండ్లకు పైబడినవి.

నిజాంపట్నము ఉప్పుటేటి ఒడ్డున ఉన్న రేవు. 1611లో ఇంగ్లీషు వర్తకుల ఓడ అక్కడకు వచ్చెను. ఆ ఏటిలో రోజుకు రెండుసారులు పోటు ఎక్కును, రెండుసారులు ఆటు తీయును. పోటు ఎక్కినంతసేపు మురుగుకాలువల నోళ్ళు మూసికొనినట్లే. జానెడు వాలున వచ్చు మంచినీటిని సముద్రము ఎదురు నిలిచి ఆపివేయును. తీరము వెంట ఉన్న మడ అడవి ఈ ఉప్పుమంచినీళ్ళ సంధిస్థలమున పెరుగుచు అలల తాకిడిని తగ్గించుచుండును. వంటచెరకుకై దానిని నరికిన నాడు పోవునది కట్టెలు మాత్రమే కాదు.

ఇక గాలివాన కబురు. "వాయుగుండము బాపట్లకు ఆగ్నేయముగ మూడువందల కిలోమీటర్ల దూరమున కేంద్రీకృతమై, వాయవ్యదిశగ పయనించుచున్నది, తీరమున ఈశాన్యపు గాలులు వీచును" అని రేడియో చెప్పినదనుకొనుడు. ఈ ఒక్క వాక్యమున దిక్కులు మూడు విధములుగ వాడబడినవి. ఆగ్నేయము అది ఇప్పుడున్న చోటు. వాయవ్యము అది పోవుచున్న దిక్కు. ఈశాన్యపు గాలి అనగా ఈశాన్యమునకు పోవు గాలి కాదు, ఈశాన్యమునుండి వచ్చు గాలి. గాలికి పుట్టినింటి పేరు, తుపానునకు చేరబోవు దిక్కు పేరు! ఇంటింట దీనిని తారుమారుగ అర్థము చేసికొనుట మేమెరుగుదుము.

మన అర్ధగోళమున తుపానులోని గాలి గడియారపు ముళ్ళకు ఎదురుగ తిరుగును. తూర్పుననున్న సముద్రమునుండి వచ్చు తుపాను కేంద్రము బాపట్ల వద్ద తీరమును దాటినచో, దానికి పడమటను దక్షిణమునను, అనగా చీరాల, ఒంగోలు దిక్కున, గాలి నేలనుండి సముద్రమునకు వీచును. కుడిచేతి వైపున, అనగా నిజాంపట్నము, రేపల్లె, దివిసీమల దిక్కున, గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును. ఆ గాలి నీటిని నెట్టుకొనివచ్చును. మన తీరమున సముద్రము లోతు తక్కువ. నిజాంపట్నమువద్ద తీరము లోనికి వంగియున్నది. నెట్టబడిన నీటికి లోతునకు పోవుటకు గాని ప్రక్కకు పోవుటకు గాని దారి లేక పైకి లేచును. అదియే ఉప్పెన. 'తీరము దాటు చోటు' అనగా ముప్పు మిక్కుటమైన చోటని మనవారు తలచుచుందురు. ఉప్పెన విషయమున అది ఆ చోటునకు కుడిప్రక్కన ఉండును.

1977 నవంబరు 19న వచ్చిన తుపాను చీరాల, నిజాంపట్నముల నడుమ తీరమును దాటెను. ఉప్పెన విరుచుకొనిపడినది దివిసీమమీద. నీరు అయిదు మీటర్ల ఎత్తు లేచెను; రేపల్లె తీరగ్రామములును దెబ్బతినెను; అధికారపు లెక్కలలోనే సుమారు పదివేలమంది చనిపోయిరి. అయిదు మీటర్లు అనగా రెండంతస్తుల మేడకు కొంచెము తక్కువ. మన జానెడు వాలు లెక్కను ఇక్కడ మరల తీయుడు. కిలోమీటరునకు 28 సెంటీమీటర్లు ఎక్కు నేలపై అయిదు మీటర్ల నీరు, అడ్డము లేనిచో, పదునెనిమిది కిలోమీటర్లు లోనికి పోవలెను. చెట్లు, గట్లు, కాలము దానిని ఆపును గాని లెక్క అంతటిది. ఒక్క మీటరు ఉప్పెనయే మూడున్నర కిలోమీటర్లు రాగలదు. "సాధారణపు పోటుకంటె ఒక మీటరు హెచ్చు" అని రేడియోలో విని, నడుమువరకే గదా అని కూర్చుండువారు ఈ అడ్డపు దూరమును తలచినవారు కారు.

పిదప 1990 మే 9న కృష్ణ ముఖమువద్ద వచ్చిన తుపాను కూడ మిక్కిలి తీవ్రమైనదే. ముందుగ కబురు చేరి, లక్షలాది జనమును మెరకకు తరలించుటచే మృతులు వెయ్యిమందికి లోపైరి. 2010 మే 20న వచ్చిన లైలా, 2023 డిసెంబరు 5న వచ్చిన మిచాంగ్ అను తుపానులు రెండును బాపట్ల సమీపముననే తీరమెక్కినవి. ఇన్నిసారులు ఆ పేరు వినుటచే దేశమంతటికిని బాపట్ల తెలిసినది.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడగా రేపల్లె అందు చేరెను, తెనాలి గుంటూరు జిల్లాలో నిలిచెను. అది పరిపాలనకు గీచిన సరిహద్దు. కాలువ నీటికిని, మురుగు నీటికిని ఆ గీత తెలియదు. తెనాలిలో విడిచినది రేపల్లెకు చేరును.

బండి రేపల్లె చేరినది. పట్టాలు అక్కడితో సరి. పిల్లవాడు పుస్తకమును సంచిలో పెట్టుకొని దిగి, పేరుబల్ల వద్ద ఆగెను. తెనాలిలో ఎక్కునప్పుడు బల్ల చదివి యుండును కాబోలు. "తాతయ్యా, ఇక్కడ అంకె తగ్గిపోయిందేం?" అని అడిగెను. "నీళ్ళు ఇటే వస్తాయి గదరా మరి" అని ముదుసలి మూటను భుజమునకెత్తుకొనెను.